జపాన్ కీరిన్: పందెం లెక్కంతా లైన్‌లోనే ఉంది

నమస్తే అండీ. సైకిల్ రేసు అనగానే చాలామందికి టూర్ ద ఫ్రాన్స్ గుర్తొస్తుంది, కానీ పందెం ఎలా నడుస్తుందో తెలియాలంటే ట్రాక్ మీద జరిగే జపాన్ సైకిల్ రేసు కీరిన్ చూడాలి, ఎందుకంటే ఆ ఆట పుట్టిందే పందెం కోసం. యుద్ధంలో చితికిపోయిన ఊళ్లకు డబ్బు కావాలి, అందుకని చట్టం చేసి మరీ 1948లో కొకురాలో మొదలుపెట్టారు. ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో.

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. ఇక్కడ మీకు ఎదురుగా బుకీ ఉండడు. టికెట్ల డబ్బంతా ఒక కుప్పగా పోస్తారు, అందులో దాదాపు 25 శాతం నిర్వాహకులు తీసుకుంటారు, మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతారు. మన మలక్‌పేట గుర్రప్పందేల్లో టోట్ ఉంటుంది కదా, అదే పద్ధతి. కాబట్టి ఆడ్స్, అంటే గెలిస్తే ఎంత వస్తుందో చూపే అంకెలు, చూసి ఎవరు గెలుస్తారో తెలిసిపోయిందనుకోకండి, జనం డబ్బు ఎటు పోతుందో అంతవరకే అవి చెప్తాయి, టికెట్లు ఆపేదాకా మారుతూనే ఉంటాయి. తొమ్మిది మంది ఉన్న రేసులో మొదటి ముగ్గురినీ వరుస తప్పకుండా చెప్పాలంటే 504 రకాలున్నాయి. ఒక్కోటి 100 యెన్లు. అన్నీ కొంటే 50,400 యెన్లు అవుతుంది, గెలిచేది ఒక్కటే, చాలాసార్లు అది పెట్టిన డబ్బు కూడా తిరిగి ఇవ్వదు.

ఇక నాకు ప్రాణమైన విషయం, లైన్. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంలో సైకిల్‌కి అసలు శత్రువు గాలి. ముందున్నవాడు ఆ గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడికి కాళ్లలో బలం మిగులుతుంది. అందుకే ఎక్కువగా ఒకే ప్రాంతం వాళ్లు ఇద్దరో ముగ్గురో కలిసి ఒక లైన్ కడతారు. మామూలుగా కుర్రవాడు ముందుండి లాగుతాడు, రెండోవాడు వెనకనుంచి దూసుకొచ్చే ప్రత్యర్థులను ఒంటితో అడ్డుకుంటూ అతన్ని కాపాడతాడు, ఆఖరి మలుపు దాటాక మాత్రం తనే పక్కనుంచి వచ్చి దాటేయడానికి చూస్తాడు! మరి ముందు లాగేవాడు ఎందుకు ఒప్పుకుంటాడంటే, రేపు తనకూ వయసు మీద పడుతుంది, అప్పుడు ఇంకో కుర్రాడు తనకోసం లాగాలి. ఈ అప్పు ఏళ్ల తరబడి తీరుతూ ఉంటుంది. ఎవరి వెనక ఎవరు వెళ్తారో రేసుకు ముందే రైడర్లు చెప్పేస్తారు, పందెం కాసేవాళ్లు దాన్ని చూసే టికెట్ కొంటారు. ఎంత బలమున్నా లైన్ లేని ఒంటరివాడి మీద డబ్బు పెట్టాలంటే వాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ట్రాక్ కూడా చూస్తారు, 333 మీటర్ల చిన్న ట్రాక్‌లో ఆఖరి మలుపు దాటాక మిగిలే తిన్నని దారి తక్కువ, ముందున్నవాడిని పట్టుకోవడం కష్టం.

రేసును ఎవరూ ముందే అమ్ముకోకుండా, రైడర్లు ముందురోజే ట్రాక్ ఆవరణ లోపలికి వెళ్లి ఫోన్లు అప్పగించేస్తారు, ఆ రేసులన్నీ అయ్యేదాకా బయటివాళ్లతో మాటల్లేవు. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది.

ఒక్క మాట. ఆంధ్రాలో, తెలంగాణలో ఆన్‌లైన్ పందేలు నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఎవరైనా లింక్ పంపితే దయచేసి నొక్కకండి, నేనూ ఏ లింకూ ఇవ్వడం లేదు.

ఇప్పుడు స్క్రీన్ మీద ఒక రేసు పెడుతున్నాను. తెల్ల జెర్సీ ఒకటో నంబరు, నలుపు రెండు, ఎరుపు మూడు. ఇంకా ఒకటిన్నర చుట్టు ఉందనగా గంట మోగుతుంది, అక్కడినుంచి ముందున్నవాడిని వదిలేసి అతని వెనకే అంటిపెట్టుకుని వస్తున్నవాడినే చూడండి.