పాత బండి కొంటున్నారా? కిందికి వంగి చూడండి

శ్రోతలకు నమస్కారం.

పన్నెండేళ్లో పదిహేనేళ్లో తిరిగిన మోటార్ సైకిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ధర మన చేతికి అందేలా ఉంది. కిక్ కొట్టగానే స్టార్టయింది, చప్పుడూ బాగుంది. కొనేయొచ్చా? ఇదే మాట అనంతపురంలో అడిగితే జవాబు ఒకటి, విశాఖపట్నంలో అడిగితే ఇంకొకటి. మన విశాఖలో పాత బండిని తినేసేది కిలోమీటర్లు కాదు, ఉప్పుగాలి. అందుకే ఇక్కడ ముందు చూడాల్సింది చాసిస్, అంటే బండి ఇనుప చట్రం. తర్వాతే ఇంజిన్.

ఇంజిన్ ఎంత అరిగినా దారి ఉంది. బోరు చేయించి పిస్టన్, రింగులు మార్పించుకోవచ్చు. వాల్వులు సరిచేయించుకోవచ్చు, క్లచ్ ప్లేట్లు వేయించుకోవచ్చు. బాగా అమ్ముడైన వంద సీసీ బండ్ల సామాను గాజువాకలో దొరుకుతుంది, అనకాపల్లిలోనూ దొరుకుతుంది. చాసిస్ సంగతి వేరు. బరువంతా మోసేది అదే. దాని మీద కొట్టిన నంబరే ఆర్‌సీలో ఉంటుంది. ఆ ఇనుము పోయిందంటే బండి పోయినట్టే.

ఒక బండిని తీసుకుందాం. 2011లో రిజిస్టరైన హీరో హోండా స్ప్లెండర్, ఏపీ 31, అంటే విశాఖ నంబరు. ఇన్నేళ్లూ సముద్రానికి దగ్గర్లోని చినవాల్తేరులో ఇంటి బయటే, కప్పు లేని చోట నిలబడింది. ట్యాంకు తళతళలాడుతోంది. కొత్త స్టిక్కర్లు, కొత్త సీటు కవరు. వాటిని తర్వాత చూడొచ్చు. చేతిలో ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకోండి. బండికి సెంటర్ స్టాండ్ వేయించండి. కిందికి వంగి చూడండి.

మొదట సెంటర్ స్టాండ్ చాసిస్‌కి తగిలే చోటు. చక్రం చిమ్మిన బురద అక్కడ పేరుకుంటుంది, ఆ బురదలో ఉప్పు నిలుస్తుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజు కూడా ఆ ఇనుము పూర్తిగా ఆరదు. తుప్పు పెయింటు అడుగునే పాకుతూ పోతుంది. పైకి మనకు కనిపించేది చిన్న చిన్న పొంగులే. పొంగిన చోట, అమ్మేవారిని అడిగి, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. పొర రాలి కింద గట్టి ఇనుము తగిలిందా, ఫరవాలేదు. గీకించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూత కొట్టించి, పెయింటు వేయించుకోవచ్చు. మొన లోపలికి దిగిందా, బేరం అక్కడితో ఆపేయండి.

తర్వాత స్వింగ్ ఆర్మ్. అంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు చేతులు. అవి చాసిస్‌కి బోల్టుతో కలిసే చోట టార్చి వేసి చూడండి. వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే స్వింగ్ ఆర్మ్ బుష్ కానీ చక్రం బేరింగ్ కానీ అరిగింది. అది చిన్న పనే. కానీ అక్కడ కొత్త వెల్డింగ్ అతుకు కనిపిస్తే చిన్న పని కాదు. హ్యాండిల్ కింద మెడ దగ్గర అతుకు కనిపించినా అంతే, అలాంటి బండి వద్దు. బండంతా పాతగా ఉండి అడుగు భాగం మాత్రం నిన్న మొన్న నల్ల పెయింటు కొట్టినట్టుంటే, ఆ పెయింటు కింద ఏముందో అడగాల్సిందే. మళ్లీ చెబుతున్నాను, కిందికి వంగి చూడండి.

ఇప్పుడు సైడ్ కవరు తీయించి బ్యాటరీ పెట్టె అడుగు చూడండి. పాత బ్యాటరీ నుంచి కారిన యాసిడ్, ఉప్పుగాలి రెండూ కలిసి ఆ రేకుని, దాని పక్కనున్న చాసిస్ గొట్టాన్ని కొరికేస్తాయి. వైర్ల జాయింట్లలో పచ్చటి చిలుము ఉంటే హారన్, ఇండికేటర్లు ఇవాళ పనిచేసినా రేపు మొరాయిస్తాయి.

ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్కు రాడ్ల మీద గోరు పెట్టి పై నుంచి కిందికి లాగండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ తుప్పు గుంట పడింది. బండి కుదుపుకి రాడ్డు పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ ఆ గుంట అంచు ఆయిల్ సీలుని కోస్తుంది. సీలు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ ఆయిల్ కారుతుంది, ఎందుకంటే తప్పు సీలుది కాదు, రాడ్డుది. "సీలు వేయిస్తే సరిపోతుందండీ" అంటే నమ్మకండి.

ట్యాంకు మూత తీసి లోపల టార్చి వేయండి. ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే అది కార్బురేటర్ జెట్‌కి, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రానికి, అడ్డం పడుతుంది, బండి నడిరోడ్డు మీద ఆగుతుంది.

ఇంజిన్ గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. చెయ్యి ఆనించి చూడండి. ముందే వేడి చేసి ఉంచితే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందేమోనని అనుమానించండి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు నీలం పొగ వదలకుండా వస్తుంటే రింగులు అరిగాయి. పొద్దున్నే స్టార్ట్ చేసిన కాసేపే వచ్చి ఆగితే వాల్వు సీళ్లు కావచ్చు. నల్ల పొగైతే ముందు ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు చూపించండి. క్లచ్‌ని సమతలం మీద తేల్చలేం. సింహాచలం ఘాట్ లాంటి ఎక్కుడు రోడ్డు మీద, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని నడపండి. ఇంజిన్ గోల పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం అని నేననుకునేది. చాసిస్ నంబరు. హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచి, కాగితం ఆనించి, పెన్సిల్‌తో రుద్దండి. అంకెలన్నీ కాగితం మీదికి రావాలి, ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కటీ తేడా లేకుండా కలవాలి. తుప్పు తిని అంకె చెరిగినా, చుట్టూ గ్రైండర్ పెట్టిన గీతలున్నా ఆ బండి మనకొద్దు.

ఎందుకింత పట్టుదల అంటే, సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే. మన స్ప్లెండర్ 2011ది కాబట్టి దాని గడువు 2026తో సరి. ఆ తర్వాత నడపాలంటే ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించాలి, అది ఐదేళ్లకు వస్తుంది. గడువుకి అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు బండిని రవాణా శాఖ తనిఖీకి తీసుకెళ్లాలి. నంబరు చదవడానికి రాకపోతే పని అక్కడే ఆగిపోతుంది. కుదిరితే రెన్యువల్ అమ్మేవారినే చేయించి ఇమ్మనండి, కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కూడా కావాలి. రాష్ట్రంలోపలే అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అమ్మేవారికీ ఒక మాట. పేరు మారకుండా ప్రమాదం జరిగితే పరిహారం రికార్డుల్లో ఉన్న ఓనరు మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్స్ మార్పునీ పేరు మార్పుతో పాటే పెట్టండి. పెండింగ్ చలానాలు డబ్బు ఇవ్వకముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి.

ఇంతా చూశాక చాసిస్ గట్టిగా ఉంది, నంబరు కలిసింది అనుకుందాం. అప్పుడు మీ మెకానిక్‌ని తీసుకెళ్లి, చేయించాల్సిన పనులు కాగితం మీద రాయించండి. చైన్ స్ప్రాకెట్ సెట్టు, బ్రేక్ షూలు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్టు, ఫోర్కు సీళ్లు, టైర్లు. టైరు పక్కన అచ్చొత్తిన అక్షరాల వరుస చివర్లో ఉండే నాలుగంకెలు చూడండి. 3518 అని ఉంటే 2018లో 35వ వారం తయారైందని అర్థం. గాడులు ఎంత లోతున్నా అంత పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది, వాన రోడ్డు మీద జారుతుంది కాబట్టి అదీ జాబితాలో చేర్చండి. ఒక్కోదానికీ సామాను ధర, కూలీ వేసి మొత్తం కట్టండి. అమ్మేవారు చెప్పిన ధరలోంచి ఆ మొత్తం తీసేసి, మిగిలిన దగ్గర బేరం మొదలుపెట్టండి.

నమస్కారం.