రిమోట్ ఎక్కడుంది?

వేదిక మీది పెద్దలకు, నాతోటి సోషల్ టీచర్లకు నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, క్షమించండి.

చరిత్ర పాఠానికి సినిమాను ఎలా వాడుకోవాలో చెప్పమన్నారు. ముందు 1975కి వెళ్దాం. ఆ ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ పాఠాల ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ. వాటిలో మా ఊరూ ఒకటి. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల సెట్టు, పక్కన కోళ్ల గూటికి కొట్టే జాలీతో పది అడుగుల గొడుగులాంటి యాంటెనా. కాకి వాలితే బొమ్మ పోతుందని మేం రాళ్లు పట్టుకుని కాపలా! పొద్దున పిల్లల కార్యక్రమం. పైనుంచి వచ్చే బొమ్మను మా సారు ఆపలేరు కదా. అందుకని అయిపోగానే టీవీ కట్టేసి, "ఏం చూశార్రా?" అనేవారు. ఒకడు చెప్పినదానికీ ఇంకొకడు చెప్పినదానికీ పొంతన ఉండేది కాదు. కొట్టుకునేవాళ్లం. పాఠమంతా ఆ గొడవలోనే జరిగేది.

కాకుల దగ్గరే ఆగిపోయేట్టున్నాను. అసలు సంగతికి వస్తా, అది నా తప్పు.

2022లో వచ్చిన ఆ పెద్ద సినిమా, ‘ఆర్ఆర్ఆర్’, మీరందరూ చూసే ఉంటారు. సిలబస్ అయిపోయింది, నాకు గొంతు నొప్పి. పదో తరగతికి క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద పెట్టేసి, పక్కన కూర్చుని మార్కుల రిజిస్టర్ రాసుకున్నాను. స్లిప్ టెస్టులో పదకొండు మంది రాశారు: అల్లూరి, కొమురం భీమ్ ఢిల్లీలో స్నేహితులు అని! స్టాఫ్‌రూమ్‌లో అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక నవ్వు రాలేదు.

మర్నాడు బోర్డు మీద రాశాను. మన్యంలో పోడు మీద, అంటే అడవి కొట్టి చేసుకునే సాగు మీద ఆంక్షలు, రోడ్డు పనికి వెట్టి. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరిని కాల్చేశారు. భీమ్ పోరాడింది నిజాం మీద, చనిపోయింది 1940లో, జోడేఘాట్‌లో. అప్పుడు అదే సినిమా, ఎనిమిది నిమిషాలే. ఆపడం, అడగడం. ఇందులో పోడు ఎక్కడుంది? వెట్టి ఎక్కడుంది?

వెనక బెంచీ అమ్మాయి లేచింది. "సార్, ఇది ఊహేనని తీసినవాళ్లే చెప్పారు, సరే. వాళ్లు కలవలేదని మాత్రం మనకెలా తెలుసు?"

ఠక్కున చెప్పబోయి ఆగాను. రికార్డు అంటే ఏంటి, ఎవరు రాశారు, పోలీసు రాసినదాంట్లో గిరిజనుడి మాట ఎంత? పీరియడ్ మొత్తం దానికే పోయింది. పోనివ్వండి.

అయ్యా, అమ్మా, మా సారుకు ఆపే వీల్లేదు. మనకుంది. కానీ నేను పనిచేసిన ఒక స్కూల్లో, పోతుందేమోనని రిమోట్ బీరువాలో పెట్టి తాళం వేసేవారు! ఇక్కడ హెడ్‌మాస్టర్లు ఎవరైనా ఉంటే, చెయ్యెత్తక్కర్లేదు, రేపు వెళ్లగానే ఆ రిమోట్ బయటికి తీయండి. సెల్స్ కూడా మార్పించండి.