అమరావతి ఒకటి కాదు: ఒకే పేరు ఇన్ని చోట్లకి ఎలా చేరింది?

[తెర మీద: భారతదేశం మ్యాప్, 'అమరావతి' అని వెతికితే పడిన గుర్తులు]

నమస్తే అండీ. ముందు ఒక చిన్న తిరకాసు చెప్తాను. అమరావతి ఎక్స్‌ప్రెస్ అనే రైలు ముంబైలో ఎక్కితే మహారాష్ట్రలోని అమరావతిలో దింపుతుంది, అంతవరకూ బాగానే ఉంది. అదే పేరుతో హుబ్బళ్ళి వైపు నుంచి గుంటూరు, విజయవాడ మీదుగా వచ్చే రైలు ఇంకోటి ఉంది, అది మాత్రం ఏ అమరావతికీ వెళ్లదు! ఎందుకంటే అమరేశ్వరుడి గుడి ఉన్న మన పాత అమరావతికి రైల్వే స్టేషనే లేదు. మా చుట్టాలబ్బాయి ఒకడు ఈ పేరు చూసి టికెట్ బుక్ చేసుకుని, "స్టేషన్ నుంచి గుడికి ఎంత దూరం అన్నా" అని నాకు ఫోన్ చేశాడు, ఈ వీడియో ఆలోచన అక్కడే పుట్టింది.

సరే, మాట దగ్గర మొదలుపెడదాం. అమర, వతి. గుణం ఉన్నది గుణవతి అయినట్టే అమరులు ఉన్నది అమరావతి. అంటే దేవతలుండే ఊరు, ఇంద్రుడి రాజధాని. చిన్నప్పుడు అమరకోశం బట్టీ పట్టినవాళ్లకి "నగరీ త్వమరావతీ" అన్న ముక్క ఇంకా నోట్లో ఆడుతూనే ఉంటుంది.

కానీ ఒక డౌటు రావాలి ఇక్కడ. గుణవతి అన్నప్పుడు లేని దీర్ఘం అమరావతిలో ఎందుకొచ్చింది, అమరవతి అనొచ్చు కదా? దీనికి పాణిని సూత్రమే ఉంది. రెండుకి మించి అచ్చులున్న మాటకి ఈ 'వతి' చేరి అది ఒక పేరుగా మారితే ముందు మాట చివరి అచ్చు సాగుతుంది. గుణలో రెండే అచ్చులు కాబట్టి సాగలేదు, అమరలో మూడున్నాయి కాబట్టి సాగింది. ఆ సూత్రానికి వ్యాఖ్యాతలు ఇచ్చిన ఉదాహరణల్లో పుష్కరావతి ఉంది, అమరావతి ఉంది, ఉదుంబరావతి కూడా ఉంది. ఈ చివరి పేరు గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని పడుతుంది.

[తెర మీద: కృష్ణ ఒడ్డు, అమరేశ్వరాలయం గోపురం]

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కృష్ణకి దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ చోటికి పాత శాసనాల్లో కనిపించే పేరు అమరావతి కాదు, ధాన్యకటకం. ప్రాకృతంలో ధంనకడ. దాన్ని ఆనుకునే ఉన్న ఊరు ధరణికోట. శాతవాహనుల కాలంలో ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, మహాచైత్యం, వెలిగినప్పుడు అక్కడికి వచ్చిన యాత్రికుణ్ణి ఆపి "అమరావతికి దారెటు" అని అడిగితే తెల్లమొహం వేసి ఉండేవాడు.

మరి అమరావతి పేరు ఎక్కడిది? అమరేశ్వరుడిది. పంచారామాల్లో ఇది అమరారామం. తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలైందనీ, ఒక ముక్కని ఇంద్రుడు ఇక్కడ ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం. ఇంద్రుడు ఇలా దొడ్డిదారిన కథలోకి వచ్చేశాడన్నమాట. నేను చదివినంతలో నాకనిపించేది ఏమిటంటే, ఊరి పేరు చూసి స్వర్గం అనుకోవడం కంటే, గుళ్లో దేవుడి పేరే ఊరికి అంటుకుంది అనుకోవడం సబబు. శ్రీకాళహస్తి, సింహాచలం లాగ కొండో గుడో ముందు, ఊరు తరవాత.

పేరు మారినంత మాత్రాన బుద్ధుణ్ణి అక్కడివాళ్లు మరిచిపోయారనుకోకండి. 1182లో కోట వంశపు కేతరాజు వేయించిన శాసనం అమరేశ్వరాలయంలోనే ఉంది, అందులో ధాన్యకటకంలోని బుద్ధుడికి ఇచ్చిన దానాలు కూడా రాసుకున్నారు. ఒకే చోట శివుడూ బుద్ధుడూ, ఇద్దరికీ దీపాలు.

ఆరు వందల ఏళ్లు ముందుకి దూకుదాం. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి వచ్చి ఇక్కడ కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టాడు. కట్టడాలకి ఇటుకలు, రాళ్లు కావాలి, పక్కనే దీపాలదిన్నె అని పెద్ద మట్టిదిబ్బ ఉంది, తవ్వారు. తవ్వింది మహాచైత్యాన్ని! సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో బొమ్మలు గీసేవాళ్లని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి ఎక్కువగా అవే, చెన్నై మ్యూజియంలోనూ ఈ స్తూపం శిల్పాలున్నాయి. వీటిని 'అమరావతి మార్బుల్స్' అన్నారు గానీ అవి పాలరాళ్లు కావు, పల్నాటి సున్నపురాయి. అలా పేరులో సగం తప్పుతోనే అమరావతి ప్రపంచమంతా తెలిసింది, ధాన్యకటకం చరిత్ర పుస్తకాల్లో మిగిలిపోయింది.

పూర్తిగా అలా అనడానికీ లేదు. లాసా దగ్గర 1416లో కట్టిన డ్రెపుంగ్ అనే పెద్ద బౌద్ధ మఠం ఉంది. డ్రెపుంగ్ అంటే టిబెటన్‌లో బియ్యపు రాశి. అది మన ధాన్యకటకానికి వాళ్లు చేసుకున్న అనువాదం. బుద్ధుడు కాలచక్రమనే బౌద్ధ తంత్రాన్ని ధాన్యకటకంలోనే బోధించాడని వాళ్ల నమ్మకం, అందుకే 2006లో దలైలామా వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపింది కూడా ఈ ఊళ్లోనే.

[తెర మీద: విదర్భ, పత్తి చేలు]

ఇక మహారాష్ట్ర. నాకు బాగా నచ్చిన అమరావతి ఇదే, ఎందుకంటే దీనికి దేవతలతో సంబంధం ఉందో లేదో కూడా అనుమానమే. అక్కడ చెప్పుకునే పాత పేరు ఉదుంబరావతి. గుర్తొచ్చిందా? ఉదుంబరం అంటే మేడిచెట్టు, మన వేమన మేడిపండు. మేడిచెట్లు విస్తారంగా ఉన్న ఊరు ఉదుంబరావతి, అది జనం నోట్లో నలిగి ఉమ్రావతి, ఆ తరవాత సంస్కృతం తెలిసినవాళ్లు కాస్త సర్దితే అమరావతి. ఈ కథ నిజమైతే, పాణిని సూత్రం కింద పక్కపక్కన కూర్చున్న రెండు మాటల్లో ఒకటి జారి రెండోదాని మీద పడినట్టే, మేడిచెట్టు ఎక్కి స్వర్గంలో దిగినట్టు.

ఉమ్రావతి అన్న పలుకుబడికి గట్టి సాక్ష్యం మాత్రం పత్తి బజారులో దొరుకుతుంది. బ్రిటిషువాళ్ల కాలంలో బేరారు, అంటే ఈ విదర్భ వైపు పత్తిని బొంబాయి, లివర్‌పూల్ వర్తకులు 'ఊమ్రాస్' అనేవాళ్లు. ఊమ్రావుతీ పత్తి అన్నమాట. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇక్కడి పత్తికి బంగారం ధర పలికింది, ఆ గిరాకీలో ఈ ఊరి పేరు ముక్కలై ఒక పత్తి రకం పేరుగా మిగిలింది.

ఈ ఊరితో తెలుగువాళ్లకి తెలియకుండానే ఒక చుట్టరికం ఉంది. రుక్మిణి గౌరీపూజకి గుడికి వెళ్లి వస్తుంటే కృష్ణుడు రథమెక్కించుకుని పోయాడు కదా, పోతన పద్యాల్లో మనం వినే ఆ గుడి అమరావతిలోని అంబాదేవి గుడేనని అక్కడివాళ్లు చెప్తారు. రుక్మిణి పుట్టిల్లుగా చెప్పుకునే కౌండిన్యపురం కూడా ఆ జిల్లాలోనే ఉంది.

తమిళనాడులో అయితే అమరావతి ఊరు కాదు, నది. సంగం కవులు ఆన్‌పొరునై అన్న నదే ఇది, కరూరు దగ్గర కావేరిలో కలుస్తుంది. ఉడుమలైపేట వైపు డ్యామ్ ఉంది, పక్కన మొసళ్ల కేంద్రం కూడా ఉంది. తమిళ పేరు పక్కకి పోయి సంస్కృత పేరు నిలిచింది, అంతే.

వియత్నాంలో? ఉంది. చంపా రాజ్యంలో ఇప్పటి క్వాంగ్ నామ్ ప్రాంతాన్ని అమరావతి అనేవాళ్లు. "మన గుంటూరోళ్లే వెళ్లి పెట్టారు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. ఆ అమరావతిలో రాజధాని పేరు ఇంద్రపురం, తొమ్మిదో శతాబ్దంలో దాన్ని ఏలినవాడు ఇంద్రవర్మ. ఇంద్రుడు, ఇంద్రపురం, అమరావతి, మూడూ ఒక వరసలో కనిపిస్తుంటే అక్కడ పేరు నేరుగా స్వర్గం నుంచే దిగిందని నాకు అనిపిస్తుంది, కృష్ణా ఒడ్డు నుంచి కాదు. బ్యాంకాక్ పూర్తి పేరులో వినిపించే 'అమొన్' కూడా ఈ అమరే, ఆ పేరు మొత్తం చదవాలంటే ఇంకో వీడియో చెయ్యాలి.

అన్నిటికంటే విచిత్రమైనది ఇంగ్లండులో. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1984లో అజాన్ సుమేధో అనే థేరవాద బౌద్ధ భిక్షువు అమరావతి పేరుతో ఒక మఠం పెట్టారు. అక్కడ అమర అంటే దేవతలు కారు, చావు లేనిది, అంటే నిర్వాణం. అక్షరాలు అవే, అర్థం ఇంద్రుణ్ణి దాటిపోయింది. బుద్ధుడు ఎన్నో జన్మల కిందట సుమేధుడనే బ్రాహ్మణుడిగా పుట్టిన ఊరు కూడా పాలీ కథల్లో అమరావతే. మనకేమో అమరుడు అనగానే ఉద్యమంలో ప్రాణమిచ్చినవాడు గుర్తొస్తాడు, అమరవీరుల స్తూపం గుర్తొస్తుంది. ఒక్క మాటకి ఎన్ని ముఖాలో చూడండి.

[తెర మీద: విజయవాడ బస్టాండు]

చివరగా మన రాజధాని. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలో. ఆ పాలెం, వెలగపూడి, మందడం, ఇవన్నీ తుళ్లూరు వైపు పల్లెలు, పాత అమరావతికి సుమారు 20 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు గుడి ఉన్న అమరావతి పల్నాడు జిల్లాలోకి పోయింది, సచివాలయం ఉన్న అమరావతి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి విజయవాడలో బస్సెక్కి ఉత్తినే "అమరావతి ఒకటి" అనకండి. గుడికో, సచివాలయానికో చెప్పి టికెట్ తీసుకోండి. మా చుట్టాలబ్బాయి గుంటూరులో దిగి బస్సులోనే వెళ్లాడు లెండి.