షార్త్ర్‌లో కింది గళ్లు చూడండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు పొద్దున పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంట పైచిలుకులో షార్త్ర్‌లో ఉంటాం. టికెట్ల సంగతి గ్రూపులో పెట్టాం కాబట్టి, అక్కడి కెథడ్రల్‌లో (పెద్ద చర్చిలో), దాని రంగుగాజు కిటికీల్లో ఏం చూడాలో మాత్రం చెబుతాను.

ఊరు దగ్గరపడుతుంటే ఫోన్లు పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి. బోస్ మైదానమంతా గోధుమ పొలాలే. ఊరికంటే ముందు కెథడ్రల్ శిఖరాలు కనిపిస్తాయి. దక్షిణం వైపుది 12వ శతాబ్దపు సాదా రాతి శిఖరం. ఉత్తరం వైపుది ఇంకా ఎత్తు, నిండా చెక్కడాలే; పాతది పిడుగుపాటుకు పోతే జెహాన్ ద బోస్ కట్టిన కొత్తది 1513లో పూర్తయింది. నా ఓటు సాదాదానికే. మీరు రైల్లో కొట్టుకోండి.

1194లో పడమటి ముఖభాగం, నేలమాళిగ తప్ప దాదాపు చర్చంతా కాలిపోయింది. మేరీమాత వస్త్రమని భక్తులు నమ్మే గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. దాంతో ఊరంతా ఊపుమీద పనిలోకి దిగింది. ఒక తరం తిరిగేలోపే ఇప్పటి కట్టడంలో చాలా భాగం లేచింది.

లోపల అందరూ కిటికీ గాజులోని ఆ నీలం రంగు చూసి తలలెత్తి ఫోటోలు మొదలుపెడతారు. మీరు కిటికీల అడుగున ఉన్న బొమ్మల గళ్లు చూడండి. ఆ గాజు కథలు చాలావరకు కింది నుంచి పైకే నడుస్తాయి. బైబిల్లో ఓడ కట్టిన నోవహు కథ చెప్పే కిటికీ అడుగున వడ్రంగులు, చక్రాలు చేసేవాళ్లు, పీపాలు కట్టేవాళ్లు ఉంటారు. యేసు చెప్పిన మంచి సమరయుడి కథ ఉన్న కిటికీలో చెప్పులు కుట్టేవాళ్లు. పాతకాలపు చక్రవర్తి షార్లమేన్ కిటికీలోనైతే ఒక వర్తకుడు బొచ్చు అస్తరు వేసిన అంగీని కొనేవాడి ముందు పరిచి చూపిస్తుంటాడు. అచ్చం బేరమే!

ఈ వృత్తులవాళ్లే చందాలేసుకుని కిటికీలు పెట్టించారని చాలాకాలంగా చెబుతున్నారు. కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు. జనం చర్చి చెప్పుచేతల్లో ఎలా ఉండాలో మతాధికారులే అలా బొమ్మ కట్టించారంటారు. 1210లో ఊరిజనం కెథడ్రల్ మతాధికారుల పెద్ద అయిన డీన్ ఇంటిమీద దాడికి దిగారన్న సంగతి తెలిశాక, నాకూ ఆ చందాల కథ అంత తేలిగ్గా మింగుడుపడదు.

నేలమీద చుట్లు తిరిగే దారి, అదే లాబిరింత్‌లో నడవాలని ఆశపడుతున్నవాళ్లకు చిన్న చేదు వార్త. కుర్చీలు తీసి దారి వదిలేది కొన్ని నెలల్లో, శుక్రవారాలే. మనం వెళ్లేది శనివారం.

మధ్యాహ్నం కింది ఊళ్లో అర్ నది ఒడ్డున పులిహోర. బైనాక్యులర్లు ఉన్నవాళ్లు తప్పకుండా తెండి. పై గళ్లు ఉత్త కళ్లకు ఆనవు.