నల్ల సైకిలు, నిటారు నడుము

అందరికీ నమస్కారం. ఈ పూట సైకిలు గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో మేడమెట్ల కిందో, గొడ్లచావిడి గోడకో ఆనించి పెట్టిన ఆ పాత నల్ల సైకిలు గురించి. నాన్నదో తాతదో అయ్యుంటుంది. పాత ఇనుప సామాన్ల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు "దాన్ని తూకానికి ఇచ్చేద్దామా" అంటుంటారు. దయచేసి ఇవ్వకండి. దాని మీద మీరు ఇప్పటికీ చాలా దూరం పోవచ్చు, వేలకు వేలు పోసి కొత్తగా కొన్నదాని మీద కన్నా హాయిగా పోవచ్చు, ఎందుకో చెబుతాను వినండి.

ముందు తడిగుడ్డ తీసుకుని, హ్యాండిల్ కింద ఫ్రేము గొట్టాలు కలిసే చోట దుమ్ము తుడవండి. గొట్టం చుట్టూ కాస్త ఉబ్బెత్తుగా, అంచు తీర్చినట్టు ఒక ఉక్కు తొడుగు కనిపిస్తుంది. సీటు కింద ఉంటుంది, పెడళ్ల ఇరుసు దగ్గరా ఉంటుంది. దీన్ని లగ్గు అంటారు. పారకి కర్ర దూర్చే గూడు ఉంటుంది చూడండి, అలా ఒక్కో గొట్టాన్నీ లగ్గులో దూర్చి, కాల్చి, ఆ సందులోకి కరిగిన ఇత్తడి పారిస్తారు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఉక్కు కరగాలంటే 1400 దాటాలి. కాబట్టి గొట్టం కరగదు, ఎర్రగా కాగుతుంది అంతే. ఆ సన్నటి సందు ఇత్తడిని తనలోకి పీల్చుకుంటుంది, చల్లారాక గొట్టాలూ లగ్గూ ఒకటైపోతాయి. ఖరీదైన ఫ్రేములు చేసేవాళ్లు ఇంకా తక్కువ వేడికే కరిగే వెండి మిశ్రమం వాడతారు, పల్చటి గొట్టానికి ఆ వేడి కూడా తగలకూడదని.

నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఏంటంటే, వేడితో అతికింది వేడితోనే ఊడుతుంది. ఎక్కడో గుద్దుకుని ఒక గొట్టం వంగిపోతే, పని తెలిసినవాడు ఆ అతుకు కాచి, పాడైన గొట్టం లాగేసి, కొత్తది దూర్చగలడు. పైగా ఉక్కు చెప్పాపెట్టకుండా ఫట్‌మని విరగడం తక్కువ, ముందు వంగుతుంది, పెయింటు ముడతలు పడుతుంది, మనకి తెలుస్తుంది. ఉక్కుకి ఒక హద్దు ఉంది, ఆ హద్దు లోపల ఎన్ని లక్షల కుదుపులు పడినా దానికి అలుపు రాదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, అందుకే ఆ ఫ్రేముల్ని లావుపాటి గొట్టాలతో కదలకుండా గట్టిగా చేస్తారు. మరి లగ్గులు ఎందుకు పోయాయి అంటే, 1980ల తర్వాత కొండల మీద తొక్కే సైకిళ్లు వచ్చాయి, వాటి గొట్టాలు లావు, ఆ కొలతలకి లగ్గులు లేవు, నేరుగా వెల్డింగు చేస్తే పని త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. వెల్డింగు చెడ్డదని నేననను. కానీ లగ్గు చేసిన అతుకు మీద మనిషి చెయ్యి కనిపిస్తుంది. లండన్‌లో హెచిన్స్ అనే సైకిళ్లవాళ్లు లగ్గు అంచుల్ని లతల్లాగా చెక్కేవాళ్లు. అమెరికాలో గ్రాంట్ పీటర్సన్ అనే ఆయన 1994లో రివెండెల్ అనే చిన్న కంపెనీ పెట్టి, అందరూ కార్బన్ ఫ్రేముల వైపు పరిగెడుతున్న కాలంలో కూడా లగ్గుల ఉక్కు సైకిళ్లే అమ్ముతూ, హ్యాండిల్ పైకెత్తండి, టైరు లావుది వేయండి, రేసు వేషం మనకెందుకు అని చెబుతూ వచ్చాడు. ఆయన చెప్పేదంతా మన తాతల సైకిల్లో ముందే ఉంది.

ఆ సైకిలు మన దాకా ఎలా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నుంచి ర్యాలీ, బర్మింగ్‌హామ్ నుంచి బీఎస్ఏ సైకిళ్లు వచ్చాయి. మీ ఇంట్లోది అసలు ర్యాలీ అయితే పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం, అదే చైన్ వీలు చూడండి, అందులో మూడు కొంగల తలలు కోసి ఉంటాయి. తర్వాత మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో టీఐ కంపెనీ మొదలైంది, హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ అక్కడ తయారయ్యేవి, నెల్లూరుకి అది దగ్గర కదా. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టిన పెళ్లిళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని జరిగాయో పెద్దవాళ్లని అడగండి. సైకిలుకి పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాల్సి వచ్చేది, అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది చూడండి, అలాగే. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది, ఆ రోజే ప్రపంచ సైకిలు దినం, ఆ వార్త విని నాకు మనసు చివుక్కుమంది.

ఇప్పుడు అసలు విషయం, హాయిగా తొక్కడం. షుగరు వచ్చిందని డాక్టరు సైకిలు తొక్కమంటాడు, వెంటనే పోయి కిందికి ఉండే హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్నది కొంటారు, కొన్నాళ్లు తొక్కుతారు, అరచేతులు తిమ్మిరెక్కి మెడ పట్టేసి దాన్ని బాల్కనీలో పెట్టేస్తారు. తప్పు ఒంటిది కాదండీ, ఆ సైకిలు రేసుకోసం గీసిన బొమ్మ. రేసులో గాలిని కోసుకుంటూ పోవాలి కాబట్టి వంగుతారు. పాలక్యాను తగిలించుకుని పోయేవాడికి, మైపాడు నుంచి చేపల గంప తెచ్చేవాడికి, పచ్చగడ్డి మోపు కట్టుకుని గట్టు మీద పోయే రైతుకి ఆ అవసరం లేదు. వాళ్ల కోసం గీసిన సైకిల్లో హ్యాండిల్ సీటు కన్నా పైన ఉంటుంది, నడుము నిటారుగా ఉంటుంది, బరువు చేతుల మీద పడదు. హ్యాండిల్ దూరే ముందు గొట్టం బాగా వాలుగా ఉంటుంది, నేల నుంచి కొలిస్తే సుమారు 67, 68 డిగ్రీలు, రేసు సైకిలుకి అది 73 దాకా ఉంటుంది. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. అందుకే గుంటలో దిగినా మన సైకిలు తల విదిలించదు, తిన్నగా పోతుంది.

ఉక్కు ఫ్రేము కుదుపుల్ని మింగేస్తుందని సైకిలు ప్రేమికులు చాలామంది చెబుతారు. కొంతవరకే నిజం. ఎక్కువ కుదుపు మింగేది టైరు. మన 28 అంగుళాల చక్రానికి ఉండే ఒకటిన్నర అంగుళం టైరు దాదాపు 4 సెంటీమీటర్ల వెడల్పు, నిండా గాలి ఉన్న ఆ వెడల్పే మీకు పరుపు. చాలా ఏళ్లు రేసువాళ్లు 23 మిల్లీమీటర్ల టైర్లే వేగమనుకున్నారు, ఇప్పుడు వాళ్లే 28కి, ఆ పైకి వచ్చేశారు. మిగతా కుదుపు సీటు స్ప్రింగులు తీసుకుంటాయి. తోలు సీటు అయితే మరీ మంచిది, బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ వాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. కొత్తలో గట్టిగా ఉంటుంది, తొక్కగా తొక్కగా తోలు సాగి మీ ఒంటి ఆకారానికి వస్తుంది. మెత్తటి స్పాంజి సీటు షాపులో బాగుంటుంది, గంట తొక్కాక స్పాంజి నలిగి అదే నొప్పి పెడుతుంది.

బరువు మాటేమిటంటారా? నల్ల సైకిలు 20 కిలోలు పైచిలుకే. 1935లో ఇంగ్లండులో రేనాల్డ్స్ వాళ్లు తెచ్చిన 531 అనే ఉక్కు గొట్టాలు చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయి, వాటితో చేసినవి తేలిక. మనవి మామూలు ఉక్కు. రేసు సైకిలు 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదని నియమం పెట్టాల్సి వచ్చిందంటే అటువైపు పోటీ ఎలా ఉందో చూడండి. కానీ నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు దాకా, ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా ఎక్కడుందండీ ఎత్తు? బరువు ఇబ్బంది పెట్టేది బయల్దేరేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ. చదునులో ఇబ్బంది పెట్టేది ఎదురుగాలి, నిటారుగా కూర్చున్న మనిషికి అది ఇంకా ఎక్కువ తగులుతుంది. దానికి కిటుకు ఉంది. ఎండాకాలం పొద్దున్నే బయల్దేరి సముద్రం వైపు పోండి, మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి లేస్తుంది, అది వీపున ఆనుకుని మిమ్మల్ని ఇంటికి తోస్తుంది. పడమటి వైపు గిద్దలూరు, నల్లమల ఘాట్ల మీదికి మాత్రం ఈ సైకిలు వద్దు, అక్కడ గేర్లు కావాల్సిందే.

తొక్కే ముందు కొంచెం సరిచేసుకోవాలి. మనవాళ్లు రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు బాగా దించేస్తారు, మోకాళ్లు పోయేది అక్కడే. పెడలు అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి, అంత ఎత్తు పెట్టండి, తొక్కేది మడమతో కాదు కాబట్టి మోకాలి దగ్గర చిన్న వంపు మిగులుతుంది. ఎక్కడం దిగడం కొన్నాళ్లకి అలవాటవుతుంది. ఫ్రేము 22, 24 అంగుళాల్లో వస్తుంది, పొట్టివాళ్లు తాతగారి 24ని పట్టుకుని అవస్థ పడక్కర్లేదు, 22ది వెతుక్కోండి. వెనక చక్రానికుండే పళ్ల చక్రం, అదే ఫ్రీవీలు, 18 పళ్లదైతే 22 పళ్లది వేయించండి, తక్కువ డబ్బుతో అయిపోతుంది, ఎదురుగాలిలో కాళ్లకి ఎంత తేడా తెలుస్తుందో.

పాతది బాగుచేయించాలనుకుంటే ముందు ఫ్రేము చూడండి. హ్యాండిల్ కింద లగ్గు వెనక, కిందికి వచ్చే గొట్టం మీద పెయింటు ముడత పడి ఉంటే అది ఎప్పుడో గట్టిగా గుద్దుకుంది. ముడత లేకపోతే సగం గెలిచినట్టే. మా సైకిలు షాపాయన నా బండి తిరగేసి లగ్గులన్నీ వేలితో తడిమి చూసి, "ఫ్రేము ఖాయంగా ఉంది సామీ, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు, చూసుకున్నాడు కూడా. ఓవరాయిలింగ్ చేయించి, బేరింగు బాల్సు కిరసనాయిల్లో కడిగి కొత్త గ్రీజు పెట్టించండి. తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమంటే పెడలు కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను లూజు, దాన్ని అలాగే తొక్కితే పెడలు కడ్డీ కూడా పాడవుతుంది. ఇలాంటి పని తెలిసిన షాపులు ఇంకా ఉన్నాయి, కానీ మా షాపాయన చేతిలోని పని నేర్చుకునే కుర్రాడు ఆ షాపులో కనబడడం లేదు, నాకు దిగులు అదే.

సముద్రం దగ్గరున్నవాళ్లకి, ముఖ్యంగా ఉప్పు మడుల దగ్గర, రొయ్యల గుంటల దగ్గర తొక్కేవాళ్లకి ఒక మాట. ఉక్కుకి శత్రువు తుప్పు, అది లోపలి నుంచి తింటుంది. ఏడాదికోసారి సీటు గొట్టం పీకి లోపల కాస్త నూనె పోసి, సైకిలుని అటూ ఇటూ వంచి తిప్పండి. మళ్లీ పెట్టేటప్పుడు సీటు గొట్టానికి గ్రీజు రాయండి, లేకపోతే అది లోపలే పట్టుకుపోతుంది. బయట నికెల్ లేచిపోయిన చోట గుడ్డతో నూనె రాస్తే చాలు.

ఇంకొకటి, వాన. ఇనుప రిమ్ము తడిస్తే ఈ కడ్డీ బ్రేకులు సరిగ్గా పట్టవు, ఇది తెలియకుండా ఎవ్వరూ రోడ్డెక్కొద్దు. వానలో నెమ్మదిగా పోండి, ఆగాల్సిన చోటుకి చాలా ముందే బ్రేకు మెల్లగా పట్టి రిమ్ము మీద నీళ్లు తుడుచుకోనివ్వండి, ఆ తర్వాత గట్టిగా పట్టండి. బ్రేకు రబ్బర్లు గట్టిపడి మెరుస్తుంటే మార్పించేయండి, ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతాయి. సెలవు తీసుకుంటాను.