మురుగు కాల్వ ఒడ్డున ఒక పాస్టరు

నమస్కారం అండీ. ఇవాళ చార్లెస్ కింగ్స్‌లీ గురించి చెప్పుకుందాం. 1819లో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పుట్టారు. 1844 నుంచి చనిపోయేదాకా ఎవర్స్‌లీ అనే పల్లెటూళ్లో పాస్టరు. నవలలు రాశారు, కేంబ్రిడ్జిలో తొమ్మిదేళ్లు చరిత్ర ప్రొఫెసర్‌గా పనిచేశారు. పదవుల సంగతి అలా ఉంచి, 1849కి వెళ్దాం.

లండన్‌లో కలరా. బెర్మాండ్సీలో జేకబ్స్ ఐలాండ్ అని ఒక పేటుంది. ఇళ్ల వెనక కాల్వ మీదికి చెక్క వసారాలు. మరుగుదొడ్లు ఆ కాల్వలోకే. అదే వసారా నుంచి బకెట్ వదిలి నీళ్లు తోడతారు. కాసేపు కదపకుండా ఉంచి, మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు తాగుతారు! కలరా నీళ్ల వల్లే వస్తుందని డాక్టర్ జాన్ స్నో లండన్‌లోనే బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు దగ్గర చూపించడానికి అప్పటికి ఇంకా ఐదేళ్లుంది. కింగ్స్‌లీ ఆ పేటకి స్వయంగా వెళ్లారు, కళ్లారా చూశారు. స్నేహితులతో కలిసి మంచినీళ్ల బండ్ల కోసం పూనుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ఆయన నవల 'ఆల్టన్ లాక్'లో ఈ కాల్వ ఉంది. అందులో హీరో ఒక దర్జీ.

ఐదో శతాబ్దపు ఈజిప్టు నగరం అలెగ్జాండ్రియా మీద 'హైపేషియా' నవల రాసిందీ ఈయనే. ఆయన చరిత్ర పాఠాల్లో పస లేదని తోటి చరిత్రకారులు అన్నారు. అది నాకు పెద్ద తప్పుగా అనిపించదు కానీ, ఇంకోటుంది. 1865లో జమైకాలో బ్రిటిష్ గవర్నర్ ఐర్ తిరుగుబాటుని అణిచే పేరుతో నాలుగు వందల మందికి పైగా నల్లజాతి వాళ్లని చంపించాడు. కింగ్స్‌లీ ఐర్ పక్షాన నిలబడ్డారు. లండన్ పేదల కోసం అంత కుమిలిపోయిన మనిషి! ఎన్నిసార్లు చదివినా నాకిది మింగుడుపడదు.

1863లో పిల్లల కోసం 'ది వాటర్ బేబీస్' పుస్తకంగా వచ్చింది. టామ్ అనే కుర్రాడు పొగగొట్టాల్లోకి దూరి మసి దులుపుతాడు. ఒక పెద్ద బంగళాలో దారి తప్పి, పొగగొట్టంలోంచి ఒక పాప గదిలోకి దిగుతాడు. అక్కడ అద్దంలో మొదటిసారి తనని తాను చూసుకుంటాడు. ఒళ్లంతా మసి. సిగ్గుతో పారిపోయి ఏట్లో దిగుతాడు. కాల్వ నీళ్లు తాగిన జనాన్ని చూసొచ్చిన మనిషి, ఈ పిల్లాడికి తేటనీళ్లిచ్చాడు.

మరుసటి ఏడాదే పిల్లల్ని పొగగొట్టాల్లోకి ఎక్కించకుండా చట్టాన్ని బిగించారు. అమలు మాత్రం జరగలేదు. 1875 జనవరిలో కింగ్స్‌లీ చనిపోయారు. మరుసటి నెలలో, కేంబ్రిడ్జి దగ్గర ఒక ఆసుపత్రి పొగగొట్టంలో ఇరుక్కుని మసి దులిపే ఒక కుర్రాడు ప్రాణాలు వదిలాడు. గట్టి చట్టం ఆ ఏడాదే వచ్చింది.