టామీ జాన్ ఎడమ మోచెయ్యి

శ్రోతలకు నమస్కారం.

చేతిలో పనేదైనా ఉంటే ఒక్క క్షణం పక్కన పెట్టండి. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టును కొంచెం మీ వైపు వంచండి. మణికట్టు మధ్యలో సన్నటి తాడులాంటిది పైకి తేలిందా? మనం దాన్ని నరం అనేస్తాం గానీ అది నరం కాదు, ముంజేతి కండరం తాలూకు టెండన్. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. మీకు కనబడకపోతే కంగారు పడకండి. అది లేకపోయినా చేతికి వచ్చే లోటేమీ లేదు. ఇవాళ్టి కథకు ఆధారం ఆ మాటే.

కథ అమెరికాది, ఆట బేస్‌బాల్. మన క్రికెట్ పిచ్ పొడవు 66 అడుగులు. బేస్‌బాల్‌లో పిచ్చర్ బంతి విసిరే దూరం 60 అడుగుల 6 అంగుళాలు. ఇందులో పెద్ద తేడా లేదు, తేడా అంతా మోచేతిలో ఉంది. క్రికెట్‌లో బౌలర్ మోచెయ్యి వంచి 15 డిగ్రీలకు మించి చాపాడంటే అది త్రో, తప్పు. పిచ్చర్‌కు ఆ త్రోయే జీవనాధారం. అతను పరుగెత్తుకుంటూ రాడు. 10 అంగుళాల మట్టిదిబ్బ మీద నిలబడి, కాళ్ల బలం నడుముకు, నడుము బలం భుజానికి తెచ్చి, వంచిన చేతిని కొరడాలా ఝళిపిస్తాడు. ఆ ఊపు భారం మోచేతి లోపలివైపు ఉన్న ఒక చిన్న లిగమెంట్ మీద, అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ మీద పడుతుంది. ఒక్కో మ్యాచ్‌లో వందసార్ల దాకా పడుతుంది.

టామీ జాన్ 1943లో ఇండియానా రాష్ట్రంలో, టెర్రె హోట్ అనే ఊళ్లో పుట్టాడు. ఎడమచేతి వాటం. 1961లో క్లీవ్‌లాండ్ జట్టుతో సంతకం చేశాడు. సంతకం చేయగానే పెద్ద మైదానంలోకి పంపరు. ముందు మైనర్ లీగ్‌లు, చిన్న ఊళ్లు, చాలీచాలని జీతం. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇతను రెండేళ్లలో పైకొచ్చాడు. తర్వాత షికాగో వైట్ సాక్స్‌లో ఏడు సీజన్లు. 1971 డిసెంబరులో డిక్ అలెన్ అనే పేరున్న బ్యాటర్ కోసం షికాగో ఇతణ్ని లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చేసింది. సంతలో ఎడ్లను మార్చుకున్నట్టే ఉంటుంది ఆ వ్యవహారం. డిక్ అలెన్ పేరు మాత్రం గుర్తుంచుకోండి.

టామీ జాన్‌ది భయపెట్టే వేగం కాదు. అతని ఆయుధం సింకర్. బ్యాట్ దగ్గరికొచ్చేసరికి బంతి కిందికి జారిపోతుంది. తగిలినా నేల మీద దొర్లుతుంది, ఫీల్డర్లు ఏరుకుంటారు. బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపోటములను పిచ్చర్ ఖాతాలో కూడా రాస్తారు. 1974లో ఆ సింకర్‌తోనే 13 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడాడు. జులై 17న మాంట్రియల్ జట్టు మీద ఆడుతుండగా మోచేతిలో లిగమెంట్ తెగిపోయింది.

అప్పట్లో దాని అర్థం ఒక్కటే, ఇంటికి వెళ్లిపోవడం. అదే డాడ్జర్స్‌లో శాండీ కోఫాక్స్ అనే మహా పిచ్చర్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి కూడా, మోచేతి నొప్పి భరించలేక 30 ఏళ్లకే మానుకున్నాడు. టామీ జాన్‌కు అప్పటికి 31.

జట్టు డాక్టరు ఫ్రాంక్ జోబ్. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యపు వైద్య దళంలో పనిచేసిన మనిషి. ఆయన ఒక ఆలోచన చెప్పాడు. ఇందాక మీ మణికట్టులో చూశారే, ఆ టెండన్‌ను కుడిచేతి నుంచి తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, నులకమంచం బిగించినట్టు ఎనిమిది అంకె ఆకారంలో అల్లేద్దామని. ఏ పిచ్చర్‌కూ అంతవరకు చేయని ఆపరేషన్. మళ్లీ ఆడే అవకాశం ఎంతంటే, నూటికి ఒక్క పాలు అన్నాడు. సెప్టెంబరు 25న ఆపరేషన్ జరిగింది. తర్వాత వేళ్లు ముడుచుకుపోయి చెయ్యి గోళ్లపంజాలా తయారైంది. నరం దెబ్బతిన్నదని డిసెంబరులో మళ్లీ కోశారు.

అతని కెరీర్ మొత్తంలో నాకు నచ్చిన సంవత్సరం 1975. రికార్డు పుస్తకంలో ఆ ఏడాది ఖాళీ. పెద్ద లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. నరం కోలుకునేదాకా వేళ్లు పూర్తిగా మాట వినవు, బంతి పట్టు కుదరదు. అయినా రోజూ విసరడమే. శరీర కదలికల శాస్త్రం చదువుకున్న సహ పిచ్చర్ మైక్ మార్షల్ విసిరే తీరులో మార్పులు చెప్పాడు. చప్పట్లు కొట్టే జనం లేరు. నూటికి ఒక్క పాలు అన్న డాక్టరు మాట ఒక్కటే ఉంది. అన్ని నెలలు ఎలా ఓపిక పట్టాడో!

1976లో తిరిగొచ్చి 10 గెలిచాడు, 10 ఓడాడు. 1977లో 20 గెలిచాడు. తర్వాత న్యూయార్క్ యాంకీస్‌లో వరసగా 21, 22. మొత్తం 26 సీజన్లలో 288 విజయాలు. అందులో 164 ఆపరేషన్ తర్వాతివే. వరల్డ్ సిరీస్ టైటిల్ మాత్రం దక్కలేదు. మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్లి మూడుసార్లూ ఓడాడు. పైగా మూడోసారి ఓడించింది పాత జట్టు డాడ్జర్సే. 1989లో 46 ఏళ్లకు విరమించాడు. మార్క్ మెగ్వైర్ అనే కుర్రాడు అతని బంతుల్ని బాగా కొట్టేవాడు. ఆ కుర్రాడి తండ్రి టామీ జాన్‌కు పళ్ల డాక్టరు. పళ్ల డాక్టరు గారి అబ్బాయి కూడా మనల్ని కొడుతున్నాడంటే ఇక మానుకోవాల్సిందేనని టామీ జాన్ నవ్వుతూ అన్నట్టు చెప్పుకుంటారు.

ఇవాళ ఆ ఆపరేషన్ పేరే టామీ జాన్ సర్జరీ. జపాన్ నుంచి వచ్చిన షోహెయ్ ఒహ్తానీ 2018లో చేయించుకున్నాడు. జస్టిన్ వెర్లాండర్ 2020లో చేయించుకుని, 2022లో 39 ఏళ్ల వయసులో లీగ్ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. కోలుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఆపరేషన్ చేయిస్తే బంతి వేగం పెరుగుతుందనే అపోహ కూడా పుట్టింది. దాన్ని పోగొట్టడానికి అక్కడి డాక్టర్లు తంటాలు పడుతున్నారు. వేగం కత్తితో రాదు, కోలుకునే నెలల్లో చేసే కసరత్తుతో వస్తే రావచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, ఓట్లతో ఎన్నుకున్న మేటి ఆటగాళ్లకు చోటిచ్చే గౌరవశాల. 2013లో అక్కడ డాక్టర్ జోబ్‌ను సత్కరించారు. 2024 డిసెంబరులో పాతతరం ఆటగాళ్ల జాబితా ఓటింగుకొచ్చింది. డిక్ అలెన్, టామీ జాన్ ఇద్దరి పేర్లూ అందులో ఉన్నాయి. చనిపోయి నాలుగేళ్లయిన అలెన్ ఎన్నికయ్యాడు. టామీ జాన్‌కు సరిపడా ఓట్లు రాలేదు.

సెలవు.